కనుమ లేని పండగ

క్రిస్మస్ ఎప్పుడు అయిపోయిందని ఉదయగిరిలో అడగండి, ఒక్కో ఇంట్లో ఒక్కో తేదీ చెబుతారు. సర్కారు బడికి పోయే పిల్లాడికి డిసెంబరు 26 పొద్దున పుస్తకాల సంచి భుజానికి తగిలించుకోగానే అయిపోయింది. మిషన్ బడి హాస్టల్లో చదివే వాళ్ళక్కకి ఇంకొన్ని రోజులు మిగిలాయి. పాస్టరుగారి లెక్కలో జనవరి ఒకటి తెల్లవారుజామున, పాత ఏటి చివరి ఆరాధన ముగించి మందిరానికి తాళం వేసినప్పుడు. ఆ పిల్లల అమ్మకి మాత్రం పెద్ద కొడుకు ఎక్కిన బెంగళూరు బస్సు మలుపు తిరిగినప్పుడు. కువైట్‌లో ఇంటిపనికి పోయిన వాళ్ళ పిన్నికి అసలు మొదలే కాలేదు. ఫోనులో అందరి కొత్త బట్టలూ చూసి, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నెల్లూరు జిల్లా పడమటి మండలాల్లో ఈ వారం ఇళ్ళన్నీ ఇలాగే ఉన్నాయి. దీన్ని పండగ బడలిక అని తేల్చేయడానికి నాకు మనసొప్పదు. బడలికైతే ఒక రాత్రి నిద్రతో తీరుతుంది. జనవరి మొదటి వారంలో ఇక్కడి మనుషుల్ని పట్టుకునేది అంత తొందరగా వదలదు. ఏడాదికోసారి నిండిన ఇల్లు మళ్ళీ ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలో కాస్త హాయి ఉంటుంది. ఆ హాయి కలిగినందుకు సిగ్గేస్తుంది. ఏది ముందో ఏది వెనకో తెలియకుండా అన్నీ కలిసే వస్తాయి.

నేల సంగతి తెలిస్తేగాని ఈ బాధ సంగతి తెలియదు. నెల్లూరంటే బయటివాళ్ళకి వరి, చేపలు, సముద్రం. పెన్నమ్మ తడిపే డెల్టా అది. పడమరకి వెళ్ళేకొద్దీ నేల ఎర్రబడి, రాళ్ళు తేలి, వెలిగొండలు దగ్గరవుతాయి. ఆత్మకూరుకి పక్కనే 78 టీఎంసీల సోమశిల జలాశయం ఉంది కాబట్టి అక్కడ కాలువల కింద నాట్లు పడతాయి. ఇంకా పైకి, ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు వైపు పోతే చెరువులూ బోర్లే దిక్కు. కొన్ని ఊళ్ళలో ఆ బోరు నీళ్ళలోనూ ఫ్లోరైడు. ఈశాన్య రుతుపవనం కరుణిస్తే పంట, లేకపోతే ప్రయాణం. చెన్నై, బెంగళూరు, హైదరాబాదు, కువైట్. పొట్ట చేతపట్టుకుని పోయినవాళ్ళు తిరిగి కలిసేది పండగలకే. ఎవరి పండక్కి వాళ్ళు వస్తారు. రంజానుకి కొందరు, అనుమసముద్రంపేట దర్గా గంధానికి కొందరు, సంక్రాంతికి చాలామంది, క్రిస్మస్‌కి ఇంకొందరు.

వెళ్ళిపోవడం ఈ ఊరికి కొత్త కాదు. 1514లో శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గాన్ని గజపతుల చేతుల్లోంచి గెలుచుకుని, ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయాడు. ఆ దేవుడి కోసం అక్కడ పెద్ద గుడే కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. కొండ మీది దేవుడికే ఊరికి తిరిగి రావడం కుదరలేదు.

ఇక్కడి క్రైస్తవ సంఘాల పుట్టుకలోనూ ఉండటమా వెళ్ళిపోవడమా అన్న ప్రశ్న ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్ళు గడిచినా సంఘంలో చేరినవాళ్ళు కొద్దిమందే. తెలుగు దేశంలో ఈ ఒక్క స్థావరాన్ని మూసేద్దామా అని అమెరికాలో 1853లో గట్టిగా చర్చ జరిగింది. అప్పుడే దీనికి ఒంటరి నక్షత్రం అన్న పేరు పడింది. మూయలేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, వాళ్ళతో కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్కన కొండెక్కి సూర్యోదయం వేళ ప్రార్థన చేశారు. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. తర్వాత మరో మిషనరీ జాన్ క్లౌ వచ్చాడు. 1876-78 కరువు వచ్చింది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది ఊరికి దూరంగా పెట్టబడ్డ మాదిగ పల్లెల వాళ్ళు. ఆ శతాబ్దం చివరి దశకాల్లో ఉదయగిరి, ఆత్మకూరు కూడా మిషన్ కేంద్రాలయ్యాయి. ఇవాళ ఈ పల్లెల్లో డిసెంబరు 31 రాత్రి మందిరం కిటకిటలాడటానికి వెనక ఇంత చరిత్ర ఉంది. కొత్త ఏడాది మొదటి ఘడియని ప్రార్థనలో గడపడం ఈ సంఘాలకి పుట్టువెంట్రుకలతో వచ్చిన అలవాటు.

డిసెంబరంతా పల్లెలో రాత్రులు పగళ్ళవుతాయి. నెల మొదట్లోనే యూత్ పిల్లలు డోలక్కు, తాళాలు తీసుకుని క్యారల్స్ మొదలుపెడతారు. ఏ ఇంటి ముందు ఎంతసేపు పాడారన్నది మర్నాడు పెద్ద చర్చే. వెదురు బద్దలకి రంగు కాయితం అతికించిన నక్షత్రాలు తగ్గి ప్లాస్టిక్ లైట్ల నక్షత్రాలు వచ్చినా, దాన్ని ఇంటిమీద ఎంత ఎత్తున కట్టాలన్న పట్టుదల మాత్రం తగ్గలేదు. సెమీ క్రిస్మస్, ఆదివారపు బడి పిల్లల నాటిక, తలకి తువ్వాలు చుట్టుకున్న గొర్రెల కాపరులు, అట్ట రెక్కల దేవదూత. ఇంట్లో అరిసెల పాకం, గులాబీ పువ్వుల అచ్చులు, మురుకుల గొట్టాలు. 25న ఆరాధన, ఆ తర్వాత బిర్యానీ. ఇదంతా తెలిసిందే, రాసేవాళ్ళు చాలామంది రాశారు. ఎవరూ పెద్దగా రాయనిది ఆ తర్వాతి రోజుల సంగతి.

26న ఇల్లు ఆలస్యంగా లేస్తుంది. బిర్యానీ మిగిలితే అదే పొద్దుటి తిండి. మూడు మంచాల ఇంట్లో పన్నెండు మంది పడుకున్నారు, చాపలు చుట్టే ఓపిక ఎవరికీ లేదు. తెలంగాణలో డిసెంబరు 26 కూడా సాధారణ సెలవు. మన రాష్ట్రంలో అది ఐచ్ఛికమే. అందుకని హైదరాబాదు నుంచి వచ్చిన అల్లుడు తీరుబడిగా కూర్చుంటే, ఊళ్ళో ఉద్యోగం చేసే బావమరిది అన్నం గిన్నె సర్దుకుని బయలుదేరుతాడు. 27కి మాటలు లోతుకి దిగుతాయి. పండగ రోజున ఎవరూ ఎత్తని విషయాలకి ఇదే సమయం. ఎకరంన్నర మెట్ట చేను అమ్మాలా వద్దా, చెల్లెలి సంబంధం ఏమైంది, అమ్మ మోకాళ్ళకి నెల్లూరులో చూపిద్దామా బెంగళూరు తీసుకుపోదామా. గొంతులు లేస్తాయి. ఒకరు అలిగి బయట అరుగు మీద కూర్చుంటారు. ఆ సాయంత్రం పిల్లలెవరో పడి దెబ్బ తగిలించుకుంటే అందరూ మళ్ళీ ఒకటవుతారు.

పట్నం నుంచి వచ్చినవాళ్ళకి మూడో రోజు నుంచి లోపల గుబులు మొదలవుతుంది. ఊరి మీద ప్రేమ తగ్గి కాదు. ఫోను సిగ్నలు కోసం మేడెక్కాలి. స్నానానికి వరసలో నిలబడాలి. పసిపిల్లకి నీళ్ళు పడవేమోనని క్యాన్ కొనుక్కురావాలి. ఆఫీసు పని తలలో తిరుగుతుంటుంది. అయినా పైకి చెప్పరు. "ఇంకో రెండు రోజులుండి పోరాదా అబ్బయ్యా" అని నాయన అడిగినప్పుడు లీవు లేదు నాయనా అంటారు. అది నిజమే. లీవున్నా బహుశా వెళ్ళేవాళ్ళమేనన్నది కూడా నిజమే. ఆ రెండో నిజమే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక గుండెల్ని పట్టి పిండుతుంది.

పాత ఏడాది చివరి రాత్రి ఆరాధనలో ఒక ఘట్టం ఉంది. పన్నెండు దాటాక పళ్ళెంలో వాగ్దానం కార్డులు పెడతారు. ఒక్కొక్కరూ కళ్ళు మూసుకుని ఒకటి తీసుకుంటారు. దాని మీద అచ్చయిన వాక్యమే ఆ ఏడాదికి వాళ్ళ వాక్యం. ఇక్కడ లేనివాళ్ళకి ఇంట్లోవాళ్ళు తీస్తారు. తల్లి తన కార్డు చదివే ముందు కువైట్‌లో ఉన్న కూతురి కార్డు చదువుతుంది. ఇక్కడ అర్ధరాత్రయితే అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. ఆ వేళకి కూతురికి పని తెమిలి ఉంటే ఫోనులోనే వింటుంది. పండగ మొత్తంలో నాకు అన్నిటికన్నా బరువైన క్షణం ఇదే అనిపిస్తుంది. ఎదురుగా లేని మనిషి భవిష్యత్తుని ఇంకొకరు చేతిలోకి తీసుకుని చదివి వినిపించడం అది.

ఒకటి, రెండు తేదీల్లో ఉదయగిరి, ఆత్మకూరు బస్టాండ్లలో సామాన్లు చూస్తే ఇంటింటి ప్రేమ కొలతలు తెలుస్తాయి. బియ్యం మూట, చింతపండు, ఎండుమిరపకాయలు, గోంగూర పచ్చడి సీసాకి కట్టిన గుడ్డ, బిస్కట్ డబ్బాలో అరిసెలు. కొన్ని సంచుల్లోంచి ఉదయగిరి చెక్క గరిటెల పిడులు బయటికి కనిపిస్తుంటాయి. భౌగోళిక గుర్తింపు పొందిన పనితనం అది. ఇక్కడి కళాకారులు నున్నగా చెక్కిన స్పూన్లు, గరిటెలు పట్నం వంటిళ్ళలోకి ఊరి ఆనవాలుగా పోతాయి. రైలు లేదు కాబట్టి బస్సే. నడికుడి నుంచి శ్రీకాళహస్తి దాకా మూడు వందల కిలోమీటర్లకి పైగా సాగే కొత్త రైలుమార్గం వరికుంటపాడు, వింజమూరు, ఆత్మకూరు మీదుగా పోవాలి. అది మంజూరైనప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో చదువుతున్నారు. ఆ రైలు తిరిగితే రాకపోకలు తేలికవుతాయి. రెండు రోజుల సెలవుకి కూడా ఇల్లు అందుబాటులోకొస్తుంది. పండగ మీద ఇంత బరువు పడదు.

బస్సు వెళ్ళాక ఇంటికొచ్చిన తల్లి మొదట చేసే పని దుప్పట్లు ఉతకడం. ఆరేసి, మంచం వాల్చుకుని, వారం తర్వాత మొదటిసారి నడుం వాలుస్తుంది. అమ్మయ్య అంటుంది. అన్న వెంటనే చుట్టూ చూస్తుంది, ఎవరైనా విన్నారేమోనని. పన్నెండు మందికి వండి, వడ్డించి, మనవళ్ళ గోల భరించి, కొడుకూ కోడళ్ళ మధ్య మాట జారకుండా కాపలా కాసిన మనిషికి ఆ మాట అనే హక్కు పూర్తిగా ఉంది. పిల్లలు వెళ్ళినందుకు హాయిపడటం వాళ్ళమీద ప్రేమ లేకపోవడమని ఎవరు నేర్పారో గాని, ఈ ప్రాంతపు తల్లులు ఏటా జనవరిలో ఆ నేరాన్ని తమమీద మోపుకుంటున్నారు. దీని గురించి ఏ మందిరంలోనూ ప్రసంగం విన్నట్టు గుర్తులేదు. జనవరి మొదటి ఆదివారం ఎవరైనా చెబితే బాగుండును. బేత్లెహేము కథలోనే అందుకు చోటుంది. జ్ఞానులు వచ్చారు, కానుకలిచ్చారు, వేరే దారిన స్వదేశానికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత పసిబిడ్డతో ఐగుప్తుకి పారిపోవలసిన పని మరియ యోసేపులదే.

డబ్బు లెక్కలూ ఈ వారమే తేలతాయి. బట్టల కోసం పాడుకున్న చీటీకి ఇక కట్టాల్సిన కంతులు, కుదువ పెట్టిన గొలుసు, కిరాణా కొట్టు ఖాతా. పని దొరికేదీ ఇప్పుడే. ఆత్మకూరు పక్క కాలువల కింద నాట్లు సాగుతున్నాయి. కలిగిరి, మర్రిపాడు వైపు పొగాకు చేలలో ఆకు పక్వానికొస్తోంది. తెంపడం, బ్యారన్లలో కాల్చడం, ఆపైన డీసీపల్లి, కలిగిరి వేలం కేంద్రాలు. నాట్లకి పోయే ఆడవాళ్ళకి దిగులుపడే తీరిక లేదని కొందరంటారు. దిగులు పొలానికీ వెంట వస్తుంది. వరసలో పక్కనున్న ఆమె బిడ్డ కూడా వెళ్ళిపోయి ఉంటుంది కాబట్టి అక్కడ మాట్లాడుకోవడానికి మనిషుంటుంది, అంతే తేడా.

పిల్లల విషయంలో మాత్రం బడి క్యాలెండరు మీద నాకు ఫిర్యాదుంది. 2024-25 విద్యా సంవత్సరంలో మిషనరీ బడులకి క్రిస్మస్ సెలవులు డిసెంబరు 20 నుంచి 29 వరకు ఇచ్చారు. మిగతా బడులకి పండగ ఒక్కరోజే. వాటికి సంక్రాంతి జనవరి 10 నుంచి 19 వరకు, మిషనరీ బడులకి 11 నుంచి 15 వరకే. కాయితం మీద న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఒకే ఇంట్లో అక్క మిషన్ బడిలో, తమ్ముడు సర్కారు బడిలో ఉంటే? అక్క ఇంటికొచ్చిన రోజుల్లో తమ్ముడు బడిలో, తమ్ముడికి సంక్రాంతి సెలవులు ఇంకా ఉండగానే అక్క మళ్ళీ హాస్టల్లో. పైగా 30వ తేదీ సోమవారం బడి తెరిస్తే, ఏడాది చివరి రాత్రి ఆరాధనకి హాస్టలు పిల్ల ఇంట్లో ఉండదు. పడమటి పల్లెల్లో ఎక్కువమంది క్రైస్తవ పిల్లలు చదివేది సర్కారు బడుల్లో, గురుకులాల్లో. క్రిస్మస్ సెలవులు పిల్లవాడి ఇంటిని బట్టి కాకుండా బడి యాజమాన్యాన్ని బట్టి రావడం సరికాదు. డిసెంబరు 24 నుంచి జనవరి 1 దాకా కోరుకున్న పిల్లలకి హాజరు మినహాయిస్తే సరిపోతుంది. పెద్ద ఖర్చేమీ లేదు.

పండగకి ముగింపు ఎలా పలకాలో ఇతర దేశాల్లో పాత పద్ధతులున్నాయి. ఇంగ్లండులో పన్నెండో రాత్రికి, అంటే జనవరి 5, 6 తేదీలకల్లా అలంకారాలు దించుతారు. స్వీడన్‌లో జనవరి 13న కనూట్ దినమని జరిపి, పిల్లలందరినీ పిలిచి, చెట్టుకి వేలాడదీసిన మిఠాయిలు పంచి, పాటలు పాడుతూ చెట్టుని బయట పెట్టేస్తారు. ముగింపే ఒక వేడుక. అంత దూరం పోనక్కర్లేదు. మన సంక్రాంతికి కనుమ ఉంది. కనుమ నాడు కాకైనా కదలదంటారు. వచ్చినవాళ్ళు ఆ రోజు ప్రయాణం పెట్టుకోరు, పెట్టుకుంటే పెద్దవాళ్ళు ఒప్పుకోరు. వంటలూ పూజలూ అయిపోయాక, ఊరికే కలిసి ఉండటానికి మన పెద్దలు ఒక రోజుని కట్టుబాటుగా మిగిల్చారు. నెల్లూరు బారా షహీద్ దర్గా రొట్టెల పండగలో ఇంకో తెలివి ఉంది. ఈ ఏడాది కోరిక రొట్టె తీసుకున్నవాళ్ళు, అది తీరితే మరో ఏడాది వచ్చి రొట్టె ఇవ్వాలి. వెళ్ళేటప్పుడే రావాల్సిన పని చేతిలో పెడుతుంది ఆ పండగ.

మెట్ట క్రిస్మస్‌కి ఇలాంటి రోజు ఏర్పడలేదు. పండగలోంచి నేరుగా బస్సులోకి ఎక్కుతున్నాం. అందుకే నక్షత్రం దించడానికి ఎవరికీ చెయ్యి రాదు. సంక్రాంతి దాకా అలాగే వేలాడుతుంటుంది. మరో పది రోజుల్లో భోగి. ఉదయగిరి వీధుల్లో ఆ నక్షత్రాల కిందే ముగ్గులు పడతాయి. ఇన్నాళ్ళూ నిండిన ఇళ్ళు ఖాళీగా ఉంటే ఎదుటి వరస ఇళ్ళు నిండుతాయి. అన్న మందిరానికి, తమ్ముడు గుడికి వెళ్ళే కుటుంబాలు ఇక్కడ చాలానే ఉన్నాయి. వాళ్ళలో కొందరు రెండు పండగలకీ వస్తారు, ఎక్కువమంది ఏదో ఒకటి ఎంచుకుంటారు. అన్నదమ్ములు ఏళ్ళ తరబడి ఊళ్ళో ఒకరికొకరు ఎదురుపడకుండా పోవడానికి వాళ్ళ మధ్య పొరపొచ్చాలే అక్కర్లేదు, సెలవులు చాలు.

సంఘ పెద్దలు పూనుకుంటే క్రిస్మస్‌కీ ఒక కనుమ పెట్టుకోవచ్చు. ఆ రోజు ప్రత్యేక ప్రసంగాలు వద్దు, వేదిక వద్దు, కానుకల పెట్టె వద్దు. వెళ్ళబోయేవాళ్ళని మందిరంలో వరసగా నిలబెట్టి పేరుపేరునా ప్రార్థన చేసి, అందరూ కలిసి అన్నం తింటే చాలు. నక్షత్రం కట్టినవాళ్ళే దాన్ని దించి అటకమీద పెట్టి వెళ్ళాలని నియమం పెట్టుకోవాలి. తల్లి ఒక్కతే నిచ్చెనెక్కి దించే పని ఆమెకి మిగల్చకూడదు.

ఈ ఏడాది దానికి అనువైనది. 2026లో డిసెంబరు 25 శుక్రవారం పడుతోంది. బెంగళూరు, చెన్నై ఐటీ ఉద్యోగులకి శని, ఆదివారాలు కలిసొస్తాయి. కువైట్‌లో శుక్రవారమే వారపు సెలవు, అక్కడి తెలుగు సంఘాలు ఆరాధనకి చేరేదీ ఆ రోజే. అక్కడ క్రిస్మస్‌కి సెలవుండదు గనక, పోయిన క్రిస్మస్ గురువారాన్ని పనిలోనే గడిపిన ఆ కువైట్ పిన్ని ఈసారి ఆ పూటకైనా మందిరంలో కూర్చునే వీలుంది. ఇక్కడికి వచ్చేవాళ్ళు కనుమకి ఉండాలంటే యజమానిని అడగాల్సింది ఒక్క సోమవారం, డిసెంబరు 28. ఆ అర్జీ ఇప్పుడే పెట్టేయండి.